బరువు దించే మాట

ముప్ఫయ్యేడేళ్లు ఫొటోల మీద బతికినవాణ్ణి. పాడుచేసిన ఫొటోలకు లెక్కలేదు, వాటి గురించి అడగకండి, చెప్పను. కానీ ఒక ఆడపిల్ల నెత్తిమీదికి ఎత్తి పట్టుకున్న డెబ్బయ్యారు కిలోల బరువును ఇరవై అడుగుల దూరంలో నిలబడి, చేత్తో ముట్టుకోకుండా, ఒక్క మాటతో కింద పడేయించిన ఘనత మాత్రం నాకు ఉంది. మొదటిసారి మంచి కెమెరా కొనుక్కోవాలనుకునే కుర్రకారు "ఏది కొనమంటారు?" అని ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకి ముందు ఈ కథ చెప్తాను. సగంమంది మధ్యలోనే లేచిపోతారు. మీరు కాస్త ఓపిక పట్టండి.

నేను పనిచేసింది ఆమదాలవలసలో, స్టేషను రోడ్డు మీద ఒక స్టూడియోలో. మా సావుకారు వాళ్ల అసలు వ్యాపారం ధాన్యం. స్టూడియో వాళ్ల నాన్నగారి ముచ్చట. ఆ పెద్దాయన పోయాక దాన్ని మూసేస్తే జనం ఏమనుకుంటారో అని మూయలేదు. రెండువేల పది దాటాక ఫిల్ము పోయింది, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, మాకు పాస్‌పోర్టు సైజు ఫొటోలు మిగిలాయి. అప్పుడు మా సావుకారుకు ఎవరో ఎక్కించారు, ఇక ఫొటోలు తీయడం కాదు, కెమెరాలు అమ్మాలని. లెన్సు విప్పి మార్చుకునే పెద్ద కెమెరాలు మూడు తెప్పించి గాజు బీరువాలో పెట్టాడు. వాటిని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. దసరాకి మాత్రం మూడింటికీ పసుపు, కుంకుమ పెట్టి, ముందు కొబ్బరికాయ కొట్టాడు.

వాటి గురించి కొనేవాళ్లకి చెప్పాల్సింది నేను. నాకేమో ఫిల్ము తప్ప తెలియదు. వాటితో వచ్చిన పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్లి మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. మూడోసారికి, నాకు అర్థం కానివి ఏవో స్పష్టంగా తెలిసింది.

ఇక్కడ నా అలవాటొకటి చెప్పాలి, కథంతా దానిమీదే ఉంది. ఫిల్ము రోజుల్లో రీలుకి ముప్ఫయ్యారు బొమ్మలు. ఒక్కటి కూడా వృథా కాకూడదు. అందుకని ఎదుటివాళ్లని నిలబెట్టి, "కదలకండి" అని, ఊపిరి బిగబట్టి, ఒక్కసారే నొక్కి, "ఆ... అయింది" అనేవాణ్ణి. ఆ "అయింది" అన్నాకే జనం కదిలేవారు. ఆమదాలవలస చుట్టుపక్కల రెండు తరాలవాళ్లు నా "అయింది"కి అలవాటుపడి పోయారు. ఒక పెళ్లిలో ఆడపెళ్లివారి పాతికమందిని మెట్లమీద నిలబెట్టి ఫొటో నొక్కేసి, ఆ మాట అనడం మరిచిపోయి భోజనానికి వెళ్లిపోయాను. రెండోసారి పులిహోర వడ్డిస్తుండగా గుర్తొచ్చి పరుగెత్తితే, పెళ్లికూతురి మేనత్త దగ్గర్నుంచీ అందరూ ఎండలో నవ్వుతూ అలాగే ఉన్నారు. "ఇంకా అవలేదేటి బాబూ?" అని పళ్ల మధ్యనుంచి అడిగిందావిడ. పెదవులు కదపలేదు, అంత క్రమశిక్షణ!

సరే, ఒక రోజు మధ్యాహ్నం ఒక నర్సమ్మ వచ్చింది. మా స్టూడియోకి పాత మనిషే. మిషను చర్చి వాళ్లు. ప్రతి క్రిస్మస్‌కీ అత్తగారినీ కూతుర్నీ వెంటేసుకొచ్చి ఫొటో తీయించుకునేది. భర్త లేడు, ఇంట్లో ముగ్గురూ ఆడవాళ్లే. కూతురిని నేను ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ ఎరుగుదును. మా జిల్లాల్లో ఊరికో వ్యాయామశాల ఉంటుంది, ఆడపిల్లలు బరువులెత్తడం మాకు వింత కాదు. ఈ పిల్ల కూడా పన్నెండో ఏటినుంచి ఎత్తుతోంది.

"బాబాయ్, ఒక మంచి కెమెరా కొనాల. నాకు రెండు పనులున్నాయి. ఒకటి మా అత్త, ఒకటి మా గుంట. అత్త ఒక్కసోట కూకోదు. గుంట బరువులెత్తుతాది. ఇద్దరికీ ఒక్కటే కెమెరా పనికిరావాల" అంది నర్సమ్మ.

మా సావుకారు వినయంగా లేచి బీరువాలో అన్నిటికంటే పెద్దదాన్ని వేలితో చూపించాడు. ఆవిడ దాన్ని బయటికి తీయమంది. ఆయన తాళం పోయిందన్నాడు. తాళం ఆయన మొలతాడుకే వేలాడుతోంది.

"సెప్పులు కొన్నా నాలుగడుగులేసి సూస్తాం గదా సావుకారూ! ఇన్నాళ్లు కూడబెట్టింది ఎట్టి, దీన్ని నడిపి సూడకుండా కొనీమంటారేటి? మా గుంట బరువెత్తినప్పుడు తీసి సూపించండి. అప్పుడు సెప్తాను" అందావిడ.

ఆమె తొందరకి కారణం ఉంది. ఇంకో నెలలో విజయనగరంలో క్రీడా హాస్టలుకి ఎంపిక పోటీలు. ఆ పిల్ల బరువు తరగతిలో ఉన్నది ఒక్క సీటు. వయసు లెక్కన పిల్లకదే ఆఖరి అవకాశం. సీటొస్తే చదువూ, తిండీ, శిక్షణా అన్నీ వాళ్లే చూస్తారు. రాకపోతే తల్లి దారే, నర్సు ట్రైనింగు. ఆ ఫారం అప్పటికే తెచ్చి బైబిలు కింద పెట్టేసింది తల్లి. పిల్ల నాతో రహస్యంగా చెప్పింది, "తాతా, నాకు సూదంటే బయం." తన ఒంటి బరువుకి ఒకటిన్నర రెట్లు ఎత్తే పిల్ల ఆ మాట అంటుంటే నవ్వొచ్చింది గానీ, దాని కళ్లలో నీళ్లు చూసి ఊరుకున్నాను.

మా సావుకారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినకుండా ఆలోచించి ఒక షరతు పెట్టాడు. "కెమెరా నీ మెడలోంచి దిగకూడదు. వానొస్తే నువ్వు తడు, అది తడవకూడదు. దానిమీద అంటించిన ప్లాస్టిక్ కాగితం పీకకూడదు." అలా మూడు వారాలపాటు, పొద్దున్నే కొట్టు తీయకముందు, రోజుకో కెమెరా మెడలో వేసుకుని వ్యాయామశాలకి వెళ్లాను.

వ్యాయామశాల అంటే మీరేదో ఊహించుకోకండి. రేకుల షెడ్డు, రెండు కిటికీలు, వెలిగీ వెలగని ఒక ట్యూబులైటు. కోచ్ మాస్టారు అక్కడ రాజు. మెడ లేదు ఆయనకి, తల తిన్నగా భుజాలమీదే ఉండేది. నన్ను "ఫొటో గారూ" అనేవాడు.

కుర్రాళ్లూ, ఇక్కడ ఒక్క ముక్క పనికొచ్చేది చెప్తాను, వినండి. వెలుతురు తక్కువచోట కదిలేదాన్ని తీయాలంటే కెమెరా పెట్టె కంటే దాని ముందున్న గాజు ముఖ్యం. ఎక్కువ వెలుతురు లోపలికి రానిచ్చే లెన్సు కావాలి. అది లేకపోతే కెమెరా తలుపు నెమ్మదిగా మూసుకుంటుంది. మూసుకునేలోగా మనిషి కదిలిపోతుంది. మీకు ఫొటోలో మనిషి బదులు పొగ మిగులుతుంది. ఇది నాకు తెలియక కాదు. కాగితం మీద తెలుసు. కానీ మొదటి రోజు పొగ రాగానే నేనేం చేశాను? లెన్సు మార్చానా? లేదు. ముప్ఫై ఏళ్ల అలవాటు గొంతులోంచి పొడుచుకొచ్చింది.

"కదలకు తల్లీ!" అన్నాను.

బరువు నెత్తిమీద పెట్టుకున్న పిల్ల కదల్లేదు. నేను తాపీగా సరిచూసుకుని, ఊపిరి బిగబట్టి, నొక్కి, "ఆ... అయింది" అన్నాను. పిల్ల దభీమని బరువు వదిలేసింది. ఫొటో అద్దంలా వచ్చింది. నర్సమ్మ సంబరపడింది. నేనూ సంబరపడ్డాను. ఉరుకులు పరుగుల ఫొటోలు తీసే కెమెరాని ఎంచుకోవడానికి ఆ ఉరుకునీ పరుగునీ ఆపి పరీక్ష పెడుతున్నానని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. బండి ఎంత వేగంగా పోతుందో చూడ్డానికి దాన్ని చెట్టుకి కట్టేసినట్టు.

"బాబాయ్, ఇది గడగడా పది కొడతాదంట గదా, నివ్వు ఒక్కటే కొడతన్నావేటి?" అని ఒకసారి నర్సమ్మ అడిగింది.

"ఒక్కటి బాగా వస్తే పది దేనికమ్మా?" అన్నాను పెద్ద జ్ఞానిలాగ.

రోజుకి పాతికసార్లు. మూడు వారాలు. "కదలకు తల్లీ", "అయింది". చేతులు చాపి, మోకాళ్లు బిగించి, నా మాట కోసం ఎదురుచూస్తూ నిలబడేది ఆ పిల్ల. ఫోకసు దొరక్కపోతే కొన్నిసార్లు అర నిమిషం. కోచ్ మాస్టారు అడ్డుచెప్పకపోగా మురిసిపోయాడు. "ఫొటో గారూ, ఇదివరకు పైకెత్తాక వణికిపోయేదండీ. మీరొచ్చాక పట్టు కుదిరింది. మిగతా గుంటల్ని కూడా తీయండి" అన్నాడు. నా చేతికి టీ కూడా ఇప్పించాడు.

మూడు కెమెరాల్లో పెద్దది నర్సమ్మ మెడకి బరువయింది. చిన్నది చేతిలో ఇమడలేదు, మీటలు మరీ దగ్గరగా ఉన్నాయి. నడిమిదానికి చీకట్లో చూపు ఆనడం లేదని తేల్చాం. ముందున్న చిన్న ఎర్రదీపం వెలిగి ఫోకసుకి సాయం చేయాలి, అది ఎంతకీ వెలగదు. కంపెనీకి తిప్పి పంపేద్దామనుకుంటుండగా, ఒక రోజు ముసలమ్మ, అంటే నర్సమ్మ అత్తగారు, కెమెరాని ముక్కుదాకా తెచ్చుకుని చూసి, చీరకొంగుతో ఒక్క తుడుపు తుడిచింది. దీపం వెలిగింది. మా సావుకారు దసరాకి పెట్టిన కుంకుమబొట్టు అప్పటిదాకా సరిగ్గా దాని కన్నుమీదే ఉంది.

"మాకు బొట్టు లేదు గదేటి, దీనికెందుకురా?" అంది ముసలమ్మ.

అలా నడిమిది కుదిరింది. దానికి తోడు జూమ్ లేని, వెలుతురు బాగా తాగే చిన్న లెన్సు. దగ్గరికి కావాలంటే నడిచి వెళ్లాలి, దూరం కావాలంటే వెనక్కి నడవాలి. ఇప్పటికీ ఆ ఎంపిక తప్పని నేననను. కెమెరా మంచిదే. తప్పంతా దాని వెనకున్న తలకాయది.

పోటీ రోజు ఫొటో తను తీయలేనంది నర్సమ్మ. "ఇంజక్షను సెయ్యడానికి వణకని సెయ్యి, గుంట బరువెత్తతంటే వణికిపోతాది బాబాయ్. ఆ ఒక్క రోజుకీ నివ్వు రా" అంది. నాకూ ఉబలాటమే. కోచ్ మాస్టారూ, తల్లీకూతుళ్లూ ముందు రోజే వెళ్లారు. ముసలమ్మనీ కెమెరానీ తీసుకురావడం నా వంతు. పోటీ అయ్యాక అక్కడే కోచ్ మాస్టారితో కలిపి నలుగురూ కుటుంబం ఫొటో తీయించుకోవాలని వాళ్ల కోరిక.

మా పాసింజరు చీపురుపల్లి దగ్గర గూడ్సుకి దారిచ్చి గంటసేపు నిలబడింది. ముసలమ్మ ఆ గంటలో మా పెట్టెలో ఉన్న ప్రతి మనిషి పుట్టుపూర్వోత్తరాలూ అడిగేసింది. ఒకావిడ దగ్గర మామిడి తాండ్ర కట్ట కొని చంకలో పెట్టుకుంది. మేం హాలుకి చేరేసరికి మొదటి అంచె అయిపోయింది. అందులో మా పిల్లా, విజయనగరం వైపు ఒక ఊరి పిల్లా సమానంగా ఉన్నారు. సీటు ఈ ఇద్దరిలో ఒకరిదని అందరికీ తెలిసిపోయింది.

రెండో అంచెలో బరువుని మొదట భుజాలమీదికీ, అక్కడినుంచి నెత్తిమీదికీ ఎత్తాలి. మూడు అవకాశాలు. ఎత్తి కదలకుండా నిలబడితే ఎదురుగా కూర్చున్న రిఫరీ చెయ్యి దించి బజరు కొడతాడు. అప్పుడే బరువు దించాలి. ముందే వదిలేస్తే ఎత్తినట్టు లెక్క కాదు. మీకు తెలుసనుకుంటాను, అయినా చెప్తున్నాను. ఎందుకంటే నాకు ఆ రోజుదాకా తెలియదు.

మా పిల్ల మొదట డెబ్బయ్యారు కిలోలు పెట్టించింది. షెడ్డులో నిద్రలో కూడా ఎత్తే బరువు. కోచ్ మాస్టారి లెక్క ప్రకారం డెబ్బయ్యారు, ఆ తర్వాత డెబ్బయి తొమ్మిది, చివరికి ఎనభయ్యొకటి. మెట్టు మెట్టుగా ఎక్కాలి.

నేను అడ్డతాడు దగ్గర మోకాలిమీద కూర్చున్నాను. హాల్లో వెలుతురు పుష్కలంగా ఉంది. పిల్ల వచ్చింది, చేతులకి పొడి రాసుకుంది, నన్ను చూసింది, కొంచెం నవ్వింది. వంగింది. ఒక్క ఊపులో భుజాలమీదికి, మరో ఊపులో నెత్తిమీదికి. నిలబడింది. నేను ఊపిరి బిగబట్టి నొక్కాను. ఎంత చక్కగా పడిందో నాకు వేలికే తెలిసిపోయింది. ఆ ఆనందంలో, హాలంతా ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దంలో, నా నోటినుంచి మాట దానంతటదే వచ్చేసింది.

"ఆ... అయింది!"

దభీమని బరువు కిందపడింది. రిఫరీ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. మూడు ఎర్ర దీపాలు వెలిగాయి, అంటే ఆ ఎత్తు చెల్లలేదు.

పిల్ల నావైపు చూసింది. కోపంగా కాదు. తను తప్పేమైనా చేసిందా అన్నట్టు చూసింది. ఆ చూపు నాకింకా గుర్తుంది, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఏటయ్యిందే?" అని అరిచాడు కోచ్ మాస్టారు.

"తాత అయిందన్నాడు సార్" అంది పిల్ల.

మాస్టారు నావైపు తిరిగాడు. మెడ లేనివాడు తిరగాలంటే నడుము దగ్గర్నుంచి తిరగాలి, పూర్తిగా తిరిగాడు. "ఫొటో గారూ! నీకు దండమెడతాను, నోర్మూసుకో!" నన్ను ఆయన నువ్వనడం అదే మొదలు.

మళ్లీ అదే బరువు, రెండు నిమిషాల్లో ఎత్తాలి. నర్సమ్మ రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆవిడ తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. నోరు మూసుకోవాలని నాకూ ఉంది. కానీ ఆ నోటిమీద నాకు నమ్మకం లేదు. ముసలమ్మకి అంతకన్నా లేదు. చంకలోంచి తాండ్ర కట్ట తీసి, అరచేయంత ముక్క చింపి, మడతపెట్టి నా నోట్లో కుక్కేసింది.

"నములు. ఇది అరిగీదాకా నీకు మాట రాదు" అంది.

నిజంగానే రాలేదు. భీమాళి తాండ్ర తిన్నవాళ్లకి తెలుసు, పై దవడా కింది దవడా ఏకమైపోతాయి. పిల్ల వచ్చింది. ఎత్తింది. నిలబడింది. నేను కెమెరా నొక్కడం కూడా మానేసి చూస్తున్నాను. రిఫరీ చెయ్యి దించాడు. బజరు మోగింది. మూడు తెల్ల దీపాలు వెలిగాయి. హాలు చప్పట్లు కొట్టింది.

పిల్ల బరువు దించలేదు.

అలాగే నిలబడింది, డెబ్బయ్యారు కిలోలతో, నావైపే చూస్తూ. షెడ్డులో నిలబడ్డట్టే. నా మాట కోసం.

"దించే!" అని కోచ్ అరిచాడు. "దించమ్మా, అయిపోయింది!" అని రిఫరీ లేచాడు. "ఓ పెబువా, దించీమనండర్రా గుంటని!" అని ముసలమ్మ. పిల్లకి ఎవరి మాటా ఎక్కడం లేదు. చేతులు వణకడం మొదలైంది. నేను "ఉమ్ ఉమ్" అంటున్నాను. తాండ్ర వదలదు. చివరికి రెండు వేళ్లు నోట్లో పెట్టి, ముద్దంతా బయటికి లాగి, "అయిందమ్మా! అయింది తల్లీ!" అని గావుకేక పెట్టాను.

అప్పుడు దించింది.

ఎత్తినట్టే లెక్క వేశారు. కానీ దించాల్సిన దానికంటే ఎక్కువసేపు మోసి పిల్ల చేతులు చచ్చుబడ్డాయి. ఆ మధ్యలో అవతలి పిల్ల డెబ్బయ్యేడు ఎత్తేసి, తర్వాత ఎనభై కూడా ఎత్తేసింది. ఇక మా పిల్లకి మిగిలింది ఒకే ఒక్క అవకాశం. గెలవాలంటే ఎనభయ్యొకటి. మధ్య మెట్టు నేను విరగ్గొట్టేశాను. పోటీలో ఎన్నడూ ఎత్తని బరువు, డెబ్బయ్యారు నుంచి ఒక్క గెంతు.

రిఫరీ కోచ్‌ని పిలిచి, "ఈ కెమెరా ఆయన ఎవరండీ? ఈయన చెప్తే గానీ ఈ పిల్ల బరువు దించదా? బయటికి పంపండి" అన్నాడు. న్యాయమే. కెమెరా నర్సమ్మ మెడలో వేసి లేచాను. గుమ్మం దగ్గర పిల్ల ఎదురొచ్చింది. మణికట్లకి గుడ్డ చుట్టుకుంటోంది.

"నివ్వెలిపోతే నాకెవరు సెప్తారు తాతా?" అంది.

"నువ్వే చెప్పుకో తల్లీ. ఆ తెల్లచొక్కా ఆయన చెయ్యి దించి బజరు కొట్టాక, నీకు నువ్వే చెప్పుకో. గట్టిగా చెప్పుకో" అన్నాను.

తలూపి వెళ్లిపోయింది.

హాలు వెనక కిటికీ కింద నిలబడ్డాను. అక్కడ ఒక చెరుకురసం బండి. దాని ఇంజను డుడుడుడుమని చెవులు బద్దలు చేస్తోంది. లోపలి చప్పుడు ఒక్కటీ వినబడదు. "బాబూ, ఒక్క నిమిషం ఆపు" అని బతిమాలాను.

"గలాసా, అరగలాసా?" అన్నాడు.

"ఏదీ వద్దు, ఆపు చాలు!"

"అల్లం ఎయ్యాలా, వద్దా?"

అంతలో కిటికీలోంచి, ఇంజను మోతని చీల్చుకుంటూ, ఆ పిల్ల గొంతు వినబడింది. "అయింది!" వెంటనే దభీమని బరువు పడిన అదురు నా కాళ్లకి తెలిసింది.

కానీ బజరు? బజరు ముందా, మాట ముందా? ఆ దిక్కుమాలిన ఇంజను వల్ల నాకు తెలియదు. లోపల అరుపులు. సంతోషమా, ఏడుపా? చెరుకురసం వాడు ఇప్పుడు ఇంజను ఆపి, గ్లాసు నా చేతిలో పెట్టాడు. దాంతోనే కిటికీలోకి ఎగిరి చూడబోతే సగం చొక్కామీద ఒలికింది.

తలుపు తీసుకుని ముసలమ్మ బయటికొచ్చింది. నేలంతా వెతుకుతోంది.

"ఏమైందమ్మా? ఏమైంది?"

"నా సెప్పొకటి కనబడ్డం లేదురా నాయనా."

"చెప్పు సంగతి తర్వాత! పిల్ల..."

"ముందు సెప్పు ఎతుకు. కొత్తవి, కిందటి కిస్మస్‌కి కొన్నవి."

కుర్రాళ్లూ, యాభై నాలుగేళ్ల వయసులో, ఒక చేతిలో సగం గ్లాసు చెరుకురసంతో, ఏడుపు మింగుకుంటూ, మోకాళ్లమీద పాకుతూ నేను ఆ చెప్పు వెతికాను. తలుపు రెక్క వెనక దొరికింది. ఆవిడ దాన్ని దులిపి, కాలికి తొడుక్కుని, నడిచి చూసుకుని, అప్పుడు అంది:

"మూడూ తెల్లవే ఎలిగినాయిరా. గుంట అరిసిన అరుపుకి ఆ తెల్లసొక్కాయన కుర్సీలో ఎగిరిపడ్డాడు."

నేను అక్కడే, చెరుకుపిప్పి మీద కూలబడి ఏడ్చాను. చెరుకురసం వాడు రెండో గ్లాసు ఊరికే ఇచ్చాడు.

తర్వాత మెట్లమీద కుటుంబం ఫొటో తీశాను. ఆ రోజు జీవితంలో మొదటిసారి వేలు తీయకుండా నొక్కి పట్టుకున్నాను, కెమెరా గడగడా కొట్టింది. పిల్లా, తల్లీ, కోచ్ మాస్టారూ అన్నిట్లోనూ రాళ్లలా కదలకుండా ఉన్నారు. ముసలమ్మ మాత్రం ఒక దాంట్లో కొంగు సర్దుకుంటోంది, ఒక దాంట్లో చెప్పు చూసుకుంటోంది, ఒక దాంట్లో అసలు లేదు. ఉరుకుల కెమెరా కావలసింది ఎవరికోసమో నాకప్పుడు తెలిసింది. బరువులెత్తే పిల్ల కోసం కాదు.

గెలిచిన ఎత్తుకి ఫొటో లేదు. నర్సమ్మ నొక్కింది గానీ, కళ్లు మూసుకుని నొక్కింది. సీలింగు ఫ్యాను వచ్చింది. బాగానే వచ్చింది. మంచి ఫొటో ఏదంటే, నేను తీసిన ఆ మొదటిదే. మెడనరాలూ, పొడి అంటిన వేళ్లూ, పెదవి కొసన ఇంకా పోని ఆ చిన్న నవ్వూ, అన్నీ ఉన్నాయి అందులో. నా ముప్ఫయ్యేడేళ్లలో అంతకన్నా మంచి ఫొటో తీయలేదు. అది లెక్కలోకి రాని ఎత్తుది. దాన్నే పెద్దది చేయించి ముందుగదిలో పెట్టుకున్నారు వాళ్లు. కింద ఏమీ రాయలేదు. చూసినవాళ్లంతా గెలిచిన ఫొటో అనే అనుకుంటారు. కోచ్ మాస్టారు వచ్చినప్పుడు మాత్రం దానికి వీపు పెట్టుకుని కూర్చుంటాడట.

నేను ఉద్యోగం మానేసిన రోజు మా సావుకారు దండ వేసి, స్టూడియో ముందు నన్ను నిలబెట్టాడు. ఫొటో ఎవరు తీస్తారని అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే, జనంలోంచి ఆ పిల్ల వచ్చింది. అప్పటికి చదువు ముగించి, అదే షెడ్డులో చిన్నపిల్లలకి బరువులు నేర్పుతోంది. మెడలో అదే కెమెరా, అంచుల దగ్గర నలుపు అరిగిపోయి ఉంది.

"కదలకు తాతా" అంది.

నేను కదల్లేదు. గడగడా కొట్టింది. కెమెరా దించింది. జనం కదిలారు, స్వీట్ల పెట్టె తెరిచారు, మా సావుకారు లోపలికెళ్లి ఫ్యాను వేసుకున్నాడు. పిల్ల కెమెరా వెనక బొమ్మలు చూసుకుంటూ ఉండిపోయింది. నేను దండతో, పళ్లు బయటపెట్టి, ఎండలో అలాగే నిలబడి ఉన్నాను. కాసేపటికి తలెత్తి చూసింది.

"ఏటి తాతా, ఇంకా అలగే నిలబడ్డావేటి?"

"నువ్వు చెప్పలేదు కదమ్మా" అన్నాను, పెదవులు కదపకుండా.

పిల్ల నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, మెడలోంచి ఆ దండ తీసి తన చేతికి తగిలించుకుని, మెల్లగా చెప్పింది.

"అయింది తాతా."

అప్పుడు కదిలాను.